చందుపట్ల శాసనం: దారి మళ్లి చూడదగిన రాయి

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ప్రయాణించేవారిలో చాలామంది నకిరేకల్లు దగ్గర టిఫినుకో టీకో ఆగుతారు గాని, అదే మండలంలోని చందుపట్లలో కాకతి రుద్రమదేవి మరణాన్ని నమోదు చేసిన శాసనం ఉందని తెలిసి దారి మళ్లేవారు తక్కువే. కోటలూ శిల్పాలూ ఆశించి వెళ్లేవారికి ఇక్కడ నిరాశ తప్పదని ముందే చెప్పాలి. చూడవలసింది ఒక్క రాయి, అదీ కొంత చదువుకుని వెళ్లినవారికే మాట్లాడే రాయి.

శాసనం శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సర మార్గశిర శుద్ధ ద్వాదశి నాటిది, అంటే 1289 నవంబరు నెల. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగినందున వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఊరి సోమనాథ దేవుడికి భూమి దానం చేశాడని అందులోని సారాంశం. ఇది వెలుగులోకి రాకముందు ఆమె 1295 దాకా పాలించిందని చరిత్రకారులు రాసేవారు. వారసుడో సామంతరాజో కాక, ఒక సేవకుడు వేయించిన దానశాసనం ఆ లెక్కను సరిచేయడమే నాకు ఇక్కడ అన్నిటికన్నా నచ్చిన విషయం.

అయితే ఆమె ఎలా మరణించిందో రాయి చెప్పదు. తిరుగుబాటు చేసిన కాకతీయ సామంతుడు, కాయస్థ వంశపు అంబదేవుడితో జరిగిన పోరులో రాణీ సేనానీ కలిసి నేలకొరిగారన్నది, ఈ రెండు పేర్లూ ఒకేచోట కనిపించడాన్ని బట్టీ, 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు చెప్పుకున్న విజయాలను బట్టీ పండితులు చేసిన ఊహ. ఊహ బలమైనదే, కానీ ఆ యుద్ధాన్ని కళ్లారా చూసినట్లు, ఎవరి కత్తి ఎవరికి తగిలిందో సహా వర్ణించే కథనాలకు ఈ రాతిని సాక్ష్యంగా చూపడం సరికాదు.

వెళ్లదలచినవారు శాసన పాఠాన్ని నేటి లిపిలో ముద్రించుకుని వెంట తీసుకెళ్లడం మంచిది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇలాంటి పాత అక్షరాలు రాతి గరుకులో కలిసిపోతాయి. వెలుగు ఏటవాలుగా పడినప్పుడు ప్రతి గాడి అంచునా సన్నని నీడ తేలి, ఒక్కో అక్షరం విడివిడిగా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజైతే సెల్‌ఫోను లైటును పక్క నుంచి పట్టినా సరిపోతుంది. అక్షరాలు తేలాలని సుద్దో పసుపో రుద్దడం మాత్రం రాతికి చేటు, దయచేసి ఆ పని చేయకండి.

ఈ ఒక్క రాతి కోసమే హైదరాబాదు నుంచి రమ్మని పిల్లలున్న కుటుంబాలకు చెప్పలేను. ముందుగా సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రికి వెళ్లి, 1208 నాటి ఎరకేశ్వరాలయాన్ని తీరిగ్గా చూసి, తిరుగు ప్రయాణంలో సాయంత్రం ఎండ వాలే వేళకు చందుపట్ల చేరుకుంటే పిల్లలకు విసుగుండదు, చదవడానికి వెలుగూ అనుకూలిస్తుంది.