ఆన్‌లైన్‌లో తుపాకీ కొన్నారా? పెట్టె తెరిచి చూడనిదే సంతకం పెట్టకండి

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, మాట కాస్త కరుకుగా వస్తే ఏమీ అనుకోకండి. ట్రాన్స్‌ఫర్ ఫీజు, అంటే బయట కొన్న తుపాకీని మన పేరున రాసి అప్పగించినందుకు డీలరు తీసుకునే రుసుము, అందరికన్నా తక్కువ అని బోర్డు పెట్టుకున్న దుకాణం గురించే చెబుతున్నాను. మన క్లబ్బుకు వచ్చేవాళ్ళకు ఎవరిదో ఈపాటికే అర్థమై ఉంటుంది.

కథ చిన్నదే. వాడిన షాట్‌గన్ ఒకటి, పైనొకటి కిందొకటి గొట్టాలున్నది, వేలంలో కొన్నాను. గాలిలోకి ఎగిరే మట్టి పళ్ళాలను కొట్టడానికి. 'చాలా మంచి స్థితి' అని రాశాడు, ఫొటోలూ బాగున్నాయి, డబ్బు కట్టాను. ఇక్కడ అమెరికాలో ఇలా కొన్న తుపాకీ నేరుగా ఇంటికి రాదన్నది తెలిసిందే. కెనడీని చంపిన రైఫిలు పోస్టులో తెప్పించుకున్నదే; 1968 చట్టం ఆ దారి మూసేసింది. అమ్మినవాడు లైసెన్సున్న డీలరుకు పంపాలి, మనం వెళ్ళి మన వివరాలతో ఫారం 4473 నింపాలి, మనకు తుపాకీ కొనే అర్హత ఉందో లేదో చూసే, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ తనిఖీ దాటాలి, అప్పుడు చేతికిస్తారు. కాలిఫోర్నియా లాంటి చోట్ల ఆపైన పది రోజులు ఆగాలి కూడా. చట్టంతో నాకు పేచీ ఏమీ లేదు. ఉన్నదంతా కౌంటరు వెనక మనిషితోనే.

ఫోనులో ముప్ఫై డాలర్లన్నాడు. వెళ్ళాక డెబ్బై అయిదయింది. అదేమిటంటే, "బయట కొన్న సరుకుకు వేరే రేటు" అట. బయట కొననిదానికి ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎందుకు స్వామీ? గ్రీన్‌కార్డు అడిగాడు, చూపించాను. అడిగినందుకు తప్పు పట్టను. కార్డును అటూ ఇటూ తిప్పి, పక్కనున్న కుర్రాడి వైపు చూసి నవ్వడం మాత్రం ఏ ఫారంలో రాసి ఉందో నాకు తెలియదు.

అసలు సంగతి ఇప్పుడు. పెట్టె అతని మోచేతి కిందే ఉంది. "ఒకసారి తెరిచి చూస్తాను" అన్నాను. "ముందు కాగితం, తర్వాత పెట్టె. రూలు" అన్నాడు, తల ఎత్తకుండానే. వెనక జనం ఉన్నారు. సరేలెమ్మని ఫారం నింపాను. నిక్స్ వాళ్ళకు ఫోను చేశాడు, నిమిషాల్లో 'ప్రొసీడ్', అంటే ఇవ్వొచ్చన్న జవాబు, వచ్చింది. మిగిలిన సంతకం పెట్టాను, డబ్బు కట్టాను. అప్పుడు పెట్టె నా వైపు తోశాడు, టీ గ్లాసు తోసినట్టు.

తెరవబోతే కనబడింది: టేపు ఒక అంచున బ్లేడుతో కోసి ఉంది, దాని మీద వేరే రంగు టేపు అతికించి ఉంది. లోపల తుపాకీ చెక్క మడమ సన్నబడే చోట, చేత్తో పట్టుకునే దగ్గరే, వేలెడంత చీలిక. ఎవరో జిగురు పోసి పూడ్చారు. ఆ జిగురు పక్కకు కారి గట్టిపడి గోటికి తగులుతోంది. గొట్టాలు వెలుతురుకు ఎత్తి చూస్తే కింది దానిలో తుప్పు తిన్న గుంటలు. ఫొటోల్లో ఆ వైపు ఒక్కటీ లేదు!

"ఇది చూడండి" అన్నాను.

"సంతకం అయింది. ఇక అది మీ తుపాకీ."

"మీరు ముందే తెరిచారు కదా?"

"నా పని నంబరు చూడటం. చెక్క చూడటం కాదు. తర్వాత ఎవరు?"

నిజమే, తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు రిజిస్టరులో ఎక్కించకుండా డీలరు తుపాకీని దుకాణంలో పెట్టుకోకూడదు. అందుకోసమే తెరిచాడు. తెరిచి, చేత్తో పట్టుకుని, ఆ చీలిక మీదే వేళ్ళు ఆనించి నంబరు రాసుకుని, మళ్ళీ టేపు వేసి, నాతో 'రూలు' అన్నాడు. అమ్మినవాడు అబద్ధం రాశాడంటే వాడి కక్కుర్తి అనుకోవచ్చు. వీడికి ఇందులో వచ్చేదేమిటి? తుపాకీ వెనక్కి పంపే శ్రమ తప్పడం, అంతేనా?

అసలు అలాంటి రూలు ఫెడరల్ చట్టంలో ఎక్కడా లేదు. గోడకు తగిలించిన తుపాకీ అదే మనిషి అడిగినవారందరికీ తీసి ఇస్తాడు, ఎవరినీ ఫారం నింపమనడు. డబ్బు కట్టి తెప్పించుకున్నదాన్ని చూడటానికి మాత్రం నాకు అర్హత లేదు. సంతకానికి ముందే వద్దని ఉంటే, డీలరు నుంచి నేరుగా అమ్మినవాడికి తిరిగి వెళ్ళిపోయేది. అమ్మినవాడికి ఫోను చేస్తే మొదటి ప్రశ్నే, "ట్రాన్స్‌ఫర్ అయిందా?" అయిందన్నాను. "అయితే మాకు సంబంధం లేదు." మూడు రోజుల పరిశీలన గడువు ట్రాన్స్‌ఫర్‌తోనే రద్దవుతుందని అతని పేజీ అడుగున రాసే ఉందట. ఉంది కూడా. ఇంటి అద్దె ఒప్పందంలో కామాలు కూడా లెక్కపెట్టే నేను దీన్ని మాత్రం చదవలేదు, శభాష్.

కొనేవాళ్ళకు నేను చెప్పేది కొంచెమే. డబ్బు కట్టకముందే డీలరుకు ఫోను చేసి, "సంతకానికి ముందు చూడనిస్తారా, నచ్చకపోతే తిరిగి పంపుతారా, మొత్తం ఎంత" అని అడగండి. జవాబు మెయిలులో తెప్పించుకోండి. అమ్మేవాడు తనకు లైసెన్సుందంటే, ఆ నంబరు తుపాకీ లైసెన్సులు ఇచ్చే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వారి ఈజీ చెక్ పేజీలో కొట్టి చూడండి. "డీలరు అక్కర్లేదు, ఇంటికే పంపుతాను, క్రిప్టోలో కట్టండి" అనేవాడు దొంగ, ఇక మాట్లాడకండి.

ఇంకొకటి, నిన్న ఇద్దరు అడిగారు కాబట్టి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, అమెరికాలో ఇచ్చిన వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొనడమే నేరం. గ్రీన్‌కార్డున్న బావగారి పేరున కొనిపిస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. 2022 చట్టం ప్రకారం దానికి పదిహేనేళ్ళ దాకా జైలు పడుతుంది.