ఉప్పునీటి ఇంట్లో నీటి పొదుపు సామగ్రి: నాలుగేళ్ల వాడకం తరువాత

తిరుపతిలో మా ఇంటి కొళాయికి కార్పొరేషన్ వారు వదిలే కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీరు వంటకూ తాగడానికీ సరిపోతుంది. స్నానాలు, బట్టలు, అంట్లు, మరుగుదొడ్డి మాత్రం బోరు మీదే సాగాలి. నాలుగేళ్ల కిందట వేసవిలో ఆ బోరు అడుగంటి, వరుసగా ట్యాంకర్లు తెప్పించుకోవలసి వచ్చినప్పుడు, కొళాయిలకు ఏరేటర్లు, రెండు మరుగుదొడ్లకు రెండు మీటల ఫ్లష్ ట్యాంకులు, తక్కువ నీరు పోసే ఒక షవరు బిగించుకున్నాము.

ఏరేటరు అంటే కొళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ. అది ధారలో గాలిని కలపడం వల్ల నీరు తగ్గినా చేతికి నిండుగా తగులుతుంది. వాష్‌బేసిన్ దగ్గర పది లీటర్ల బకెట్టు నిండడానికి మునుపు నిమిషం పట్టేది, నిమిషానికి మూడు లీటర్ల ఏరేటరు పెట్టాక మూడు నిమిషాలు దాటింది; చేతులు కడగడంలో, పళ్లు తోమడంలో ఎవరికీ తేడా తెలియలేదు. అదే ఏరేటరును స్నానాల గది కొళాయికి పెట్టడం మాత్రం నా పొరపాటు. బకెట్టు ఎంత నెమ్మదిగా నిండినా పట్టే నీరు అంతే కాబట్టి, అక్కడ కాలం వృథా తప్ప చుక్క కూడా మిగలదు. వారం తిరగకముందే దాన్ని తీసేశాము. వంటింట్లో గిన్నెలు పట్టుకోవాలి గనుక ఆరు లీటర్లది సరిపోయింది.

అసలు పరీక్ష మా బోరు ఉప్పునీటితో వచ్చింది. రెండు నెలలకే ధార పక్కకు చీలి గోడ మీద పడుతుంటే, విప్పి చూశాను. జల్లెడ కన్నాల్లో సున్నం తెల్లగా పేరుకుపోయి ఉంది. రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టగా సన్నని బుడగలు వచ్చి ఆ సున్నం కరిగింది. అప్పటినుంచి నెలకొకసారి ఈ పని తప్పకుండా చేస్తున్నాను. ప్లాస్టిక్ ఏరేటర్లు రెండు, మరలు చిట్లి పాడైపోయాయి, ఇత్తడివి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

నిజమైన పొదుపు ఫ్లష్ ట్యాంకుల వల్లనే జరిగింది. పాత ట్యాంకు ప్రతిసారీ పది లీటర్లు వదిలేది, కొత్తదాని చిన్న మీట మూడు, పెద్ద మీట ఆరు లీటర్లు వదులుతాయి. నలుగురం ఉన్న మా ఇంట్లో రోజుకు ఇరవైసార్లు నొక్కుతామనుకుంటే, అందులో నాలుగు పెద్దవి, పదహారు చిన్నవి అయినప్పుడు, 200 లీటర్లు పోయే చోట 72 లీటర్లే పోతాయి. మా అమ్మగారు మొదట్లో రెండు మీటలూ కలిపి నొక్కేసేవారు. చిన్న మీట మీద ఎర్రరంగు చుక్క పెట్టాక ఆ ఇబ్బంది తీరింది.

అయితే మూడో ఏట ఈ పొదుపంతా మాకు తెలియకుండానే కారిపోయింది. ఇంట్లో ఎవరూ లేని రోజు కూడా మిద్దె మీది ట్యాంకు ఖాళీ అవుతుంటే, పైపులన్నీ వెతికి, చివరకు ఫ్లష్ ట్యాంకులో కేసరిరంగు కలిపి, అరగంట ఎవరినీ మీట నొక్కనివ్వలేదు. కింది గిన్నెలోకి నారింజ చార దిగింది. సున్నం పట్టి బిరుసెక్కిన రబ్బరు వాషరు సరిగా మూసుకోక, చప్పుడు లేకుండా దారమంత ధార పోతున్నదన్న మాట. వచ్చిన ప్లంబరు ట్యాంకే మార్చాలన్నాడు గాని, వాషరొక్కటి మారిస్తే సరిపోయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి కేసరిరంగు పరీక్ష మా ఇంట్లో మామూలైపోయింది.

షవరు మాత్రం కొనమని నేనెవరికీ చెప్పను. మిద్దె మీది ట్యాంకుకు కొద్ది అడుగుల దిగువనే ఉన్న పై అంతస్తులో ఒత్తిడి చాలక అది తుంపరలే రాల్చింది. తాగునీటి ఆర్.ఓ. యంత్రం వదిలేసే వృథా నీటిని నేల తుడవడానికి పట్టుకుంటున్నాము; కరివేపాకు చెట్టుకు పోస్తే ఆకుల కొసలు మాడిపోయాయి గనుక మొక్కలకు పోయడం మానేశాము.

ట్యాంకు కొనేటప్పుడే దానికి సరిపడే వాషర్లు విడిగా దొరుకుతాయో లేదో దుకాణంలో అడగాలి. మా రకం ట్యాంకు ఇప్పుడు అమ్మకంలో లేదు. ముందుచూపుతో తెచ్చుకున్న రెండు వాషర్లలో ఒకటి ఇంకా అలమరలో ఉంది.