మన కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేరా, నెట్‌లో సర్వీసా: పెండ్లి పత్రికకు ఏది మేలు?

హనుమకొండలో మాది చిన్న డీటీపీ షాపు. మొన్న పరకాల నుంచి ఒక పెద్దమనిషి బిడ్డ పెండ్లి పత్రిక మ్యాటరంతా వాట్సాప్‌లో టైపు చేసి పంపారు. కాపీ చేసి, పత్రికల పేజీలు తయారుచేసే మా పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పెడితే వరుసగా ప్రశ్నార్థకాలే. వరుడి తాతగారి పేరు నుంచి విందు వేళ దాకా అంతా మళ్లీ కొట్టాను. "ఫోన్‌లో మంచిగనే కనబడుతుంది గదా, ఆన్‌లైన్‌లోనే చెయ్యరాదు తమ్మీ" అన్నారాయన.

అడిగినదాంట్లో న్యాయం ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ తెలుగు అక్షరాలను గుర్తుపట్టే ఉమ్మడి పద్ధతి, తెలియదు. అందుకే 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లతో కొడతాం. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మన తెలుగు పిచ్చి గీతల్లా కనబడుతుంది. నెట్‌లోనే టైపు చేసుకునే గూగుల్ డాక్స్‌లో ఆ బాధ లేదు. ఎవరి ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగే.

మరి పాతదాన్ని ఎందుకు వదలను? పేజ్‌మేకర్ నా మెషీన్‌లో ఉంది. కంపెనీ దాన్ని పట్టించుకోవడం మానేసి ఏళ్లు గడిచినా, మా పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ఈ రోజుకీ తెరుచుకుంటుంది. ఆన్‌లైన్ సర్వీసులో మాత్రం పని జరిగేది వాళ్ల మెషీన్‌లో. మన దగ్గర ఉండేది దానికి తలుపు మాత్రమే. ఫోన్‌లో ఐకాన్ ఉన్నంత మాత్రాన అది మన సొంత సాఫ్ట్‌వేర్ అనుకోకూడదు.

పికాసా సంగతి చూడండి. అదే పేరుతో కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేరూ ఉండేది, నెట్‌లో ఫొటోలు దాచుకునే వెబ్ ఆల్బమ్సూ ఉండేవి. 2016లో గూగుల్ రెండింటినీ ఆపేసింది. సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లు ఆ తర్వాతా వాడుకున్నారు. వెబ్ ఆల్బమ్స్ పోయాయి. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో దొరికాయి, నిజమే. కానీ ఆ నిర్ణయంలో వాడేవాళ్ల మాటకు చోటు లేదు.

నాకూ ఒక దెబ్బ తగిలింది. ఒక డిజైన్ సైట్‌లో డబ్బు కట్టి నలభై పత్రికల మోడళ్లు చేసి పెట్టుకున్నాను. లగ్గాల సీజన్ మధ్యలో గడువు అయిపోయింది. డిజైన్లు కళ్ల ముందే ఉన్నాయి, ప్రింటుకు పనికొచ్చే ఫైలు మాత్రం దిగదు. కస్టమర్ ఎదురుగా కూర్చుంటే ఆ టెన్షన్ చెప్పలేను.

అట్లని సొంత మెషీన్‌ను గుడ్డిగా నమ్మలేం. ఒక వానాకాలం కరెంటు వస్తూ పోతూ హార్డ్ డిస్క్ పోయింది, మూడేళ్ల ఫైళ్లు దానితోనే పోయాయి. ఆన్‌లైన్‌లో ఉంటే మిగిలేవి. ఇక ఫొటోషాప్ లాంటివి మధ్యరకం. ఉండేది మన కంప్యూటర్‌లోనే, అద్దె ఆపితే పనిచేయదు.

నా లెక్కలో, నలుగురు కలిసి దిద్దాల్సిన పనికి సర్వీసే మేలు. ప్రూఫ్ గూగుల్ డాక్స్‌లో పెడితే మేనమామ కరీంనగర్ నుంచి, చిన్నమ్మ ములుగు నుంచి పేర్లు సరిచేస్తారు. పదిసార్లు ప్రింటు తీసే పని తప్పుతుంది. పత్రిక అసలు ఫైలు మాత్రం నా మెషీన్‌లోనే ఉండాలి. సర్వీసులో ఏది చేసినా ఆ రోజే కాపీ దింపుకుంటాను. దింపుకోనివ్వని సర్వీసు జోలికి ఇక పోను.

పరకాల ఆయన పత్రికలు తీసుకుంటూ, "వచ్చే ఏడు చిన్న బిడ్డ లగ్గం. ఇదే పనికొస్తదా?" అని అడిగారు. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే పేర్లు మార్చలేరు. అందుకే యూనికోడ్‌లో ఉన్న మ్యాటర్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయన చేతికే ఇచ్చాను.