విశాఖ పూర్ణా మార్కెట్ సందులోని రంగుల కొట్టు: మా మసి పొయ్యికి మందు అక్కడే దొరికింది

భీమిలిలో మా అత్తగారి పాత ఇంట్లో ఇటుకల పొయ్యి ఒకటుంది. కమాను వేసి, పైకి పొగగొట్టం కట్టిన పొయ్యి. అందులో సరుగుడు కట్టెలు, కొబ్బరి డొక్కలు, ఎవరైనా తెచ్చిస్తే జీడిపిక్కల పెంకులు కూడా కాల్చేవారట. ఆ పెంకుల్లో నూనె ఉంటుంది కదా, దాని పొగ ఇటుకకి తారులా పట్టేసింది. గ్యాసు వచ్చాక ఎవరూ ముట్టించలేదు. ఆ గూట్లో ఇత్తడి సామాను సర్దుకోవాలని నా ఆశ.

మొదట ఒక క్లీనింగ్ సర్వీసు వాళ్ళని పిలిచాను. పేరెందుకులెండి. వస్తూనే బాత్రూం యాసిడ్ పోశారు. మసి చెక్కు చెదరలేదు గానీ ఇటుకల మధ్య సున్నం బుసబుసా పొంగింది. రెండు వరసల మీద పసుపు చారలు పడ్డాయి, సందులు గుల్లబారాయి. 2,800 రూపాయలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ ఫొటో ఫోనులో పెట్టుకుని పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న చిన్న రంగుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన చూసి, "యాసిడ్ ఎందుకు పోయించేరమ్మా? మసి బొగ్గే కదా, అది కరగదు. కరిగేది మీ గోడ" అన్నారు. నేను వేడి తట్టుకునే అల్యూమినియం పెయింటు అడిగితే అమ్మలేదు. ముట్టించని పొయ్యికి అదెందుకు, వెండి పూసినట్టుంటుంది అన్నారు. అమ్మేవాడు వద్దనడం నాకు నచ్చింది. చాకలి సోడా, ముల్తానీ మట్టి, నైలాన్ బ్రష్ ఇచ్చారు. అన్నీ కలిపి 190 రూపాయలు.

ఆయన చెప్పిన వరస ముఖ్యం. ముందు నీళ్ళు తగలనివ్వకూడదు. పొడి మసికి నీళ్ళు తగిలితే సిరా అయి ఇటుక లోపలికి దిగిపోతుంది. అందుకని మెత్తటి బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ పెట్టాను. తర్వాత కింది వరసలని మంచినీళ్ళతో తడిపాను, పైనుంచి కారే నలుపుని అవి పీల్చుకోకుండా. అప్పుడు వేడినీళ్ళలో సోడా కలిపి, గ్లవ్స్ వేసుకుని పట్టించి, పావుగంట ఆగి రుద్దాను. మొదటి బకెట్ నీళ్ళు అచ్చం కాఫీ డికాషన్. ఇనప బ్రష్ జోలికి పోలేదు. దాని తీగముక్కలు ఇటుకలో ఇరుక్కుంటే మా భీమిలి ఉప్పుగాలికి తుప్పు మచ్చలైపోతాయి.

జీడి తారు మాత్రం దానికి లొంగలేదు. అక్కడ ముల్తానీ మట్టిని సోడా నీళ్ళతో ముద్ద చేసి మెత్తి, పైన పాలిథిన్ కవరు అంటించి ఒక రాత్రి ఉంచాను. పొద్దున కవరు తీసేసి ఎండనిచ్చి గీకితే ముద్ద గోధుమరంగులో ఊడొచ్చింది. మూడుసార్లు చేశాను. ఇప్పుడు ఇటుక ఎర్రగా కనిపిస్తోంది, కమాను నెత్తిన మాత్రం నల్లటి నీడ మిగిలింది. దాని మీద పల్చగా జాజు (ఎర్రమట్టి రంగు) పూయమన్నారు కొట్టాయన గానీ మా అత్తగారు ఒప్పుకోలేదు. "ఇన్నేళ్ళు వండిన పొయ్యి, ఆ మాత్రం నలుపు లేకపోతే వండేనంటే ఎవరు నమ్ముతారే?" అన్నారు. వదిలేశాను.

ఆరాక ఇటుక మీద తెల్లటి ఉప్పు పూత వచ్చింది. కడగొద్దు, పొడి బ్రష్‌తో దులపమన్నారు కొట్టాయన ఫోనులో. రెండు వారాలు దులిపితే తగ్గింది.

కొట్టు గురించి ఫిర్యాదులు లేకపోలేదు. బిల్లు ఇవ్వరు. మధ్యాహ్నం షట్టరు దించేస్తారు, ఒకసారి ఉత్తినే తిరిగొచ్చాను. బ్రష్ వెంట్రుకలు రెండో రోజుకే రాలిపోయాయి. అయిదుకి నాలుగు నక్షత్రాలు.

యాసిడ్ తినేసిన సందులు ఇంకా పూడ్చాలి. పాత ఇటుకకి సిమెంటు గట్టిదైపోతుంది, సున్నం, ఇసుకే పెట్టమన్నారు. ఆ సున్నం కోసం వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి. బ్రష్ మాత్రం వేరే చోట కొంటాను.