నాళికాయుత మొక్కల స్లైడ్ల పెట్టె: కోతలు మేలైనవి, కరపత్రం పాతది

మహబూబ్‌నగర్‌లోని మా డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలకు ఈ ఏడాది నాళికాయుత మొక్కల (నీటిని, ఆహారాన్ని మోసే నాళికలున్న మొక్కల) శాశ్వత స్లైడ్ల పెట్టె ఒకటి తెప్పించాము. వేర్లు లేని సైలోటమ్ మొక్క మొదలుకొని పొద్దుతిరుగుడు వరకు ఇందులో 25 స్లైడ్లు ఉన్నాయి. మెట్ట పొలాలు, రాతిగుట్టలు ఎక్కువగా ఉన్న మా ప్రాంతంలో విత్తనాలు లేకుండా సిద్ధబీజాలతో (స్పోర్లతో) వ్యాపించే ఫెర్న్‌లు సులభంగా దొరకవు కనుక ఇలాంటి పెట్టె అవసరమే. దొరికేవాటిలో పాడి రైతులు గుంతల్లో పెంచే అజోల్లా ఒకటి. అది కూడా ఫెర్నేనంటే విద్యార్థులు ఒక పట్టాన నమ్మరు.

పెట్టె మొత్తంలో విలువైనది సెలాజినెల్లా అనే విత్తనాలు లేని చిన్న మొక్క శంకువు (సిద్ధబీజాలను మోసే భాగం) నిలువుకోత. ఒకే శంకువులో ఒక సిద్ధబీజాశయంలో (సిద్ధబీజాల సంచిలో) నాలుగు పెద్ద సిద్ధబీజాలు, మరొకదానిలో లెక్కకు అందనన్ని చిన్నవి స్పష్టంగా కనిపిస్తాయి. విత్తన మొక్కల వంశంలోనూ, విడిగానే అయినా, సిద్ధబీజాలు ఇలా పెద్దవి, చిన్నవిగా వేరుపడే మార్పే జరిగి, పెద్ద సిద్ధబీజం తల్లిమొక్కను విడవకుండా నిలిచిపోవడంతో విత్తనానికి దారి ఏర్పడిందని చెప్పేటప్పుడు చూపించడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. సెలాజినెల్లా కాండం అడ్డుకోతలో గాలి గదుల మధ్య సన్నని కణాల ఆధారంతో నిలిచిన ప్రసరణ స్తంభం (నీటిని, ఆహారాన్ని మోసే మధ్య భాగం) కూడా ఎక్కడా చెదరలేదు. పైనస్ (పైన్ చెట్టు) దారువులో నీటిని మోసే దారుకణాల గోడలపై ఉండే గుంటలు సైతం చక్కగా కనిపిస్తున్నాయి.

ఈక్విజిటమ్ (గుర్రపుతోక మొక్క) కోత మాత్రం చిరిగిపోయింది. ఆ మొక్క కణకవచాల్లో సిలికా ఉండటం వల్ల బ్లేడు సాఫీగా దిగదన్న మాట నిజమే అయినా, చిరిగినదాన్ని పెట్టెలో పెట్టి అమ్మడం సమంజసం కాదు. నీటమ్ అనే మొక్క స్లైడు లేకపోవడం అంతకన్నా పెద్ద లోటు. వివృతబీజాల (పండు లేకుండా విత్తనాలు బయటికే ఉండే మొక్కల) దారువులో దారునాళాలు (కణాలు వరుసగా కలిసి ఏర్పడే నీటి గొట్టాలు) ఉండవని పైనస్ చూసి బట్టీపట్టిన విద్యార్థికి, వివృతబీజమై ఉండి కూడా దారునాళాలున్న నీటమ్‌ను చూపించి తీరాలి.

పెట్టెతో వచ్చిన కరపత్రం సైలోటమ్‌ను తొలి నేలమొక్కలకు మిగిలిన వారసునిగా వర్ణిస్తుంది. స్కాట్లాండ్‌లోని రైనీ శిలల్లో దొరికిన, సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మొక్క రైనియాకు, దీనికి పోలిక కనిపిస్తుంది. రెండింటికీ నిజమైన వేర్లు లేవు. అయితే డీఎన్‌ఏ ఆధారాలు సైలోటమ్‌ను ఫెర్న్‌లలోనే, ఒఫియోగ్లాసమ్ అనే ఫెర్న్‌కు దగ్గరగా ఉంచుతున్నాయి. లైకోఫైట్లను (సెలాజినెల్లా వంటి మొక్కలను), ఫెర్న్‌లను ఒకే వర్గంగా చూపడం కూడా పాత పద్ధతే. 2016 నాటి అంతర్జాతీయ వర్గీకరణ సుమారు 1,300 లైకోఫైట్ జాతులను, 10,500కు పైగా ఫెర్న్ జాతులను వేర్వేరుగా చూపింది. ఫెర్న్‌లకు విత్తన మొక్కలే దగ్గరి బంధువులు.

పొద్దుతిరుగుడు, మక్కజొన్న కాండాలకు డబ్బు పెట్టనవసరం లేదు. లేత ఆముదం కాండాన్ని, మక్కజొన్న కాండాన్ని విద్యార్థులే కోసి ఎర్ర రంగుద్రవ్యం సాఫ్రనిన్‌తో రంగు వేస్తే, నాళికాపుంజాలు (నీటిని, ఆహారాన్ని మోసే నాళికల కట్టలు) ఒకదానిలో వలయంగా, మరొకదానిలో చెల్లాచెదురుగా కనిపిస్తాయి. మన పిల్లలమర్రి కాంబియం (కొత్త కణాలను పుట్టించే పొర) సాయంతో కొత్త దారువును చేర్చుకుంటూ పోతుంటే, తాటిచెట్టుకు ఆ వీలు ఎందుకు లేదో అక్కడే వివరించవచ్చు.

పొద్దుతిరుగుడు, మక్కజొన్న స్లైడ్లకు బదులు నీటమ్ కాండం స్లైడు పంపడానికి సరఫరాదారు అంగీకరించారు. ఈక్విజిటమ్ మార్పిడి గురించి ఇంకా సమాధానం రాలేదు.