మా బావకి వేసిన ఐవీసీ ఫిల్టర్: పెట్టినందుకు 4 స్టార్లు, తీసే విషయంలో 1

మా బావకి జనవరిలో సూర్యాపేట దాటాక హైవే మీద యాక్సిడెంట్ అయింది, బండి మీద ఉన్నాడు, వెనక నుంచి లారీ తగిలింది. పెల్విస్ విరిగింది, కుడి తొడ ఎముక విరిగింది, హెల్మెట్ ఉన్నా కూడా తలలో కొంచెం బ్లీడింగ్. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్‌లో చేర్చాం, పేరు రాయను. అక్కడ వేసిన ఐవీసీ ఫిల్టర్ (పొట్టలోని పెద్ద సిరలో రక్తపు గడ్డల్ని పట్టుకునే జల్లెడ లాంటిది) గురించే ఈ రివ్యూ, ఎందుకంటే కన్సెంట్ ఫారం చేతిలో పట్టుకుని ఐసీయూ బయట కూర్చుని ఎంత వెతికినా తెలుగులో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటి దొరకలేదు.

సమస్య ఏంటంటే, ఇంత దెబ్బలు తగిలి కదలకుండా పడుకుంటే కాళ్ళలో, పెల్విస్ దగ్గర సిరల్లో రక్తం గడ్డ కడుతుంది, అది ఊడి పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. మామూలుగా ఇలా కాకుండా పొట్ట మీద ఎనోక్సాపరిన్ ఇంజక్షన్ ఇస్తారు. బావకి రెండో రోజు సీటీలో తలలో బ్లీడింగ్ ఇంకాస్త పెరిగింది, న్యూరో సర్జన్ గారు ఇంజక్షన్ వద్దంటే వద్దన్నారు. కాళ్ళకి గాలి పంపు కట్టే మిషన్ ఉంటుంది కదా, కుడికాలికి బయట రాడ్లు వేసి ఉన్నాయి కాబట్టి అది ఎడమకాలికే కట్టారు. ఇక మూడో రోజు ఫిల్టర్ మాట ఎత్తారు.

వస్తువు చూస్తే నవ్వొస్తుంది. గుడ్డ ఊడిపోయిన చిన్న గొడుగులాగా సన్నటి నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) తీగలు, పైన ఒక కొక్కెం. తొడ దగ్గర సిరలోంచి మడిచి పంపించి, పొట్టలో ఉండే పెద్ద సిరలో, కిడ్నీ సిరలకి కాస్త కింద విప్పుతారు. కింది నుంచి వచ్చే పెద్ద గడ్డని పట్టుకుంటుంది అంతే, గడ్డ కట్టకుండా మాత్రం ఆపదు. ఇది డాక్టర్ గారే బొమ్మ గీసి చెప్పారు, అరగంటలో పని అయిపోయింది. ఆ టీమ్‌కి వంక పెట్టలేను.

అసలు అవసరమా అని తర్వాత చదివాను. ఆస్ట్రేలియాలో బాగా దెబ్బలు తగిలి బ్లడ్ థిన్నర్ (రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మందు) ఇవ్వలేని 240 మంది మీద ట్రయల్ చేశారు, 2019లో వచ్చింది. 72 గంటల్లోపు ఫిల్టర్ వేసినా వేయకపోయినా 90 రోజుల్లో లక్షణాలతో బయటపడ్డ పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డం పడటం) గానీ చావు గానీ కలిపి చూస్తే 13.9 శాతం, 14.4 శాతం, అంటే తేడా లేనట్టే. కానీ వారం దాటినా ఇంజక్షన్ మొదలుపెట్టలేని వాళ్ళని విడిగా చూస్తే ఫిల్టర్ ఉన్న 46 మందిలో ఒక్కరికీ ఊపిరితిత్తుల్లో గడ్డ రాలేదు, లేని 34 మందిలో 5 మందికి వచ్చింది. చిన్న లెక్కే అనుకోండి. బావకి ఇంజక్షన్ మొదలైంది పదకొండో రోజున, కాబట్టి మా కేసులో వేయడం తప్పు అనను. రెండు మూడు రోజుల్లో ఇంజక్షన్ ఇవ్వగలిగే పేషెంట్‌కి కూడా ముందు జాగ్రత్త అని వేస్తామంటే మాత్రం గట్టిగా అడగండి.

ఇక అసలు కడుపుమంట. ఇది తీసేసే రకం. అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని చూసే సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే అవసరం తీరాక తీసేయడం చూడమని చెప్పింది, 2014లో ఇంకొంచెం వివరంగా, ముప్పు పోయి ఉంటే, వేసిన రోజు నుంచి లెక్కేసి 29 నుంచి 54 రోజుల మధ్య తీస్తే మేలని. వదిలేస్తే తీగ విరగొచ్చు, జరగొచ్చు, సిర గోడలోంచి బయటికి పొడుచుకోవచ్చు, పైగా కాళ్ళలో గడ్డలు ఎక్కువవుతాయి, ఫ్రాన్స్‌లో 400 మంది మీద చేసిన పాత ట్రయల్‌లో రెండేళ్ళకి 20.8 శాతం, ఫిల్టర్ లేని వాళ్ళలో 11.6. మా డిశ్చార్జ్ సమ్మరీలో ఆరు పేజీలు ఉన్నాయి, అందులో "ఐవీసీ ఫిల్టర్ వేయబడింది" అని ఒక లైను, ఎప్పుడు తీయాలో లేదు. ఇంటికి చేరేలోపే రేటింగ్ ఇవ్వమని మెసేజ్ వచ్చింది, ఫిల్టర్ గురించి నాలుగు నెలలు ఒక్క ఫోన్ రాలేదు. మేం కూడా మర్చిపోయాం, నిజం చెప్పాలి, అక్కకి ఫిజియోథెరపీ తిప్పలే సరిపోయాయి.

మే నెలలో పెల్విస్ ఎక్స్‌రేకి వెళ్తే టెక్నీషియన్ కుర్రాడు స్క్రీన్ చూసి, "అన్నా, వెన్నెముక పక్కన సాలీడులా ఏదో ఉంది, ఏంటిది?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఆర్థో వాళ్ళు రేడియాలజీ అన్నారు, రేడియాలజీ వాళ్ళు రిఫర్ చేసిన డాక్టర్‌ని అడగమన్నారు, నాలుగు రోజులు ఇదే. చివరికి వేసిన డాక్టర్ గారినే ఓపీలో పట్టుకుంటే ఆయనే తల పట్టుకున్నారు. సీటీలో చూస్తే ఫిల్టర్ తీగ ఒకటి సిర గోడని దాటింది, కొక్కెం పక్కకి ఒరిగింది. మెడ సిరలోంచి వైరు ఉచ్చు పంపి దాన్ని అందుకోడానికి గంటన్నర పట్టింది, బావ మెలకువగానే ఉన్నాడు, మెడ దగ్గర లాగుతున్నట్టు తెలిసిందట. వచ్చేసింది, సీసాలో వేసి చూపించారు, ఒక తీగ కొస వంకర తిరిగి ఉంది.

వేసినప్పుడు అన్నీ కలిపి లక్షన్నర దాటింది. తీయడానికి మళ్ళీ విడిగా కట్టాలని ముందు ఎవరూ చెప్పలేదు, ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఇది కొత్త అడ్మిషన్, కొత్త క్లెయిమ్ అన్నారు, ఆ ఫైలు ఇంకా తిరుగుతోంది.