అనంతపురంలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు: బాడుగ సరే, నిద్ర సంగతేంది?

రెండేండ్లుగా ఈ ఆఫీసు లోడ్లే తోలినా. బాడుగ చెప్పిన రోజుకే ఇస్తారు, డీజిల్ అడ్వాన్సుకు తిప్పించుకోరు. బాధంతా ఫోన్లతోనే. మొన్న చీనీకాయల లోడుతో ఢిల్లీకి బయల్దేరినా. నిర్మల్ చేరేసరికే స్టీరింగ్ మీద పన్నెండు గంటలు. "కండ్లు మూతలు పడుతున్నాయన్నా" అంటే, "టీ తాగి తోలప్పా, లేటయితే కాయ రేటు పడిపోతాది" అన్నాడు బుకింగాయన. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన లెక్క రోజుకు 8 గంటలు, 5 గంటలకొకసారి అరగంట విశ్రాంతి. ధాబా కాడ బండి పక్కకు పెట్టి, ఆ టైము వాట్సాప్‌లో వాళ్లకే పంపి, నాలుగు గంటలు పడుకున్నా. కాయ చెడలేదు. అయినా బాడుగలో వెయ్యి కోసినారు. రెండో డ్రైవర్ను ఇచ్చేదాకా వీళ్ల దూరం లోడు ఎత్తను. రెండు స్టార్లు.